మా నానీ మలారం

మా నానీకి బురఖా ఒకటుండేది. సినిమాకెళ్ళేటప్పుడు వేసుకునేది.

ఈ మాట నేనెక్కడ చెప్పినా జనం నవ్వుతారు. నవ్వించడానికి చెప్పడం లేదు. బురఖాతో ఆమెకున్న సంబంధం నిజంగా అంతే. కామవరపుకోటలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ నెత్తి మీద తెల్ల దుపటీ కప్పుకుని, భుజాన గాజుల మలారం వేసుకుని ఎండనకా వాననకా తిరిగిన మనిషి. అక్కడ బురఖా ఊసు ఆమెకు రాలేదు, ఎవరూ అడగనూ లేదు. ఏలూరులో మాత్రం మా అబ్బా తరఫు చుట్టాలున్నారు. కూతురి అత్తగారు, ఆడబిడ్డలు, మసీదు పెద్దలు. ‘గాజులామె మాట్నీకొచ్చింది’ అని వాళ్ళ చెవిన పడితే కూతురికి సూటిపోటి మాటలు తప్పవు. అందుకని ఏలూరులో బస్సు దిగగానే సంచిలోంచి నల్ల బురఖా తీసి తొడుక్కుని హాలుకి నడిచేది. ఆట వదిలాక మడిచి మళ్ళీ సంచిలో పెట్టేది. ముసుగు ఆడదాన్ని దాచేస్తుందని రాసేవాళ్ళకీ, ముసుగు ఆడదాని గౌరవాన్ని కాపాడుతుందని ప్రసంగించేవాళ్ళకీ ఈ మూడో ఉపయోగం తెలిసినట్టు లేదు.

తెలుగులో ముస్లిం స్త్రీకి రెండే అచ్చులున్నాయి. ఒకటి, నాలుగ్గోడల మధ్య తలాక్ భయంతో బతికే అభాగ్యురాలు. రెండోది, ముసుగు విసిరికొట్టి బయటికొచ్చిన వీరనారి. మొదటామె మీద జాలి, రెండో ఆమెకు చప్పట్లు. కొన్నేళ్ళ క్రితం ఒక పత్రిక మార్చి 8 సంచిక కోసం మా నానీ గురించి రాయమంటే రాసి పంపాను. ఆమె నమాజు చేసేదన్న పేరా, దర్గాకు పోయేదన్న పేరా తీసేసి అచ్చేశారు. అదేమని అడిగితే, ‘మీ నానమ్మ అభ్యుదయం పలచబడుతుంది కదండీ’ అన్నారు. నానీ అంటే నానమ్మ కాదు, అమ్మమ్మ అని కూడా అప్పుడే చెప్పాల్సి వచ్చింది. ఆ తీసేసిన పేరాలతో సహా ఇప్పుడు రాస్తున్నాను. వాటితోపాటు అప్పుడు నేను రాయని సంగతి ఇంకోటుంది. అది మా అమ్మీ సంగతి. దాని దగ్గరికి వస్తాను.

నానీ పుట్టింది కొల్లేటి గట్టున. ఏ సంవత్సరమో ఎవరూ రాసి పెట్టలేదు. గోదావరికి పెద్ద వరదొచ్చిన 1953లో తనకు నిఖా అయిందనీ, అప్పటికి పద్నాలుగో పదిహేనో ఉంటాయనీ చెప్పేది. ఆ లెక్కన 1938, 39 ప్రాంతం అనుకోవాలి. వాళ్ళ నాన్న కొల్లేటి పల్లెల్లో బాతుగుడ్లు కొని ఏలూరు తెచ్చి అమ్మేవాడు. ఆయన వెంట తాటిదోనెలో తిరిగి ఈత నేర్చింది, గెడ వేయడం నేర్చింది. మట్టగిడసకీ కొరమీనుకీ నీళ్ళ కదలికలో తేడా చెప్పగలిగేది. అలాంటి పిల్లని తీసుకొచ్చి మెట్టలో పడేశారు. ఎర్రమట్టి, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, చేద వేస్తే ఎప్పటికో చప్పుడు వినపడే బావులు. ‘చేపని తీసి గట్టు మీదేశార్రా. ఏం చెయ్యను, కాళ్ళు మొలిపించుకున్నా’ అనేది.

మా నానా జట్కా తోలేవాడు. కోట నుంచి తడికలపూడి దాకా, బేరం కుదిరితే ద్వారకా తిరుమల దాకా. చిన్నతిరుపతి యాత్రికుల్ని ఎక్కించుకుని గోవిందనామాలు వింటూ బండి తోలిన సాయిబు. 1971లో ఏదో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. నానీకి అప్పటికి ముప్పై మూడేళ్ళుంటాయేమో. ముగ్గురు పిల్లలు. పెద్దది మా అమ్మీ, పదకొండేళ్ళది. తరువాత ఇద్దరు మామూలు, చిన్నవాడు ఇంకా పాలు తాగుతున్నాడు. గుర్రాన్ని అప్పులవాళ్ళు తోలుకుపోయారు.

మా దీన్‌లో మొగుడు పోయిన ఆడది ఇద్దత్ పాటించాలి. నాలుగు నెలల పది రోజులు. ఆ రోజుల్లో సింగారం వద్దు, మళ్ళీ పెళ్ళి మాట వద్దు. గడువు తీరాక ఆమె ఇష్టం. గాజులు వేసుకోకూడదని ఎక్కడా లేదు. కానీ మా కోస్తా ముస్లిం ఇళ్ళల్లో పక్కింటి ఆచారం ఎప్పుడో గోడ దూకి మన ఆచారమై కూర్చుంది. నల్లపూసలు అలాగే వచ్చాయి, ముండమోపితనమూ అలాగే వచ్చింది. నానీ ఇద్దత్ ఒక్క రోజు తగ్గకుండా కూర్చుంది. నాలుగు నెలల పదకొండో రోజున రెండు చేతులకీ అరడజనేసి పచ్చగాజులు వేసుకుని గుమ్మం దాటింది. పెద్దలొచ్చారు. ‘ఏ సూరాలో ఉందో చూపించండి, తీసేస్తా’ అందట. చూపించలేకపోయారు. నానీకి అలీఫ్ కూడా రాదు. అయినా ఏది అల్లా మాటో, ఏది పక్కింటి మాటో ఆమెకు బాగా తెలుసు. తనకు పనికొచ్చినప్పుడు అల్లా మాట పట్టుకునేది. పనికొచ్చినప్పుడు పక్కింటి మాటా పట్టుకునేది. ఆ సంగతి కూడా చెప్పాలి.

అలా మలారం ఎత్తింది.

మలారమంటే తెలియని పిల్లలే ఇప్పుడెక్కువ. గాజుల్ని సైజు వారీగా, రంగు వారీగా తాళ్ళకు గుచ్చి, ఆ తాళ్ళన్నీ కలిపి కట్టిన మోపు. భుజం మీద వేస్తే ముందూ వెనకా వేలాడుతుంది. అడుగు తడబడితే పెట్టుబడి పోయినట్టే. అందుకే గాజులమ్మేవాళ్ళ నడక వేరే. మా నానీ ముసలితనంలో చేతులూపుకుంటూ నడిచినా ఒక భుజం కాస్త వంగే ఉండేది. సరుకంతా ఫిరోజాబాద్‌ది. ఉత్తరప్రదేశ్‌లో కొలిమి దగ్గర పుట్టి, రైలెక్కి ఏలూరు టోకు కొట్లో దిగి, బస్సులో కోట చేరి మా నానీ భుజమెక్కేది. రెండూ నాలుగు, రెండూ ఆరు, రెండూ ఎనిమిది అని సైజులు. రెండంగుళాల మీద పదహారో వంతులు నాలుగు, ఆరు, ఎనిమిది అని లెక్క. అంగుళమంటే ఏమిటో నానీకి తెలియదు. చెయ్యి చేతిలోకి తీసుకుంటే చాలు, సైజు చెప్పేసేది. బొటనవేలి మొదట్లో ఎముకని నెమ్మదిగా లోపలికి మడిచి, నాలుగు వేళ్ళూ దగ్గరికి నొక్కి, ఏదో కబురు చెప్పి నవ్విస్తూ, ఆ నవ్వులో గాజు ఎక్కించేసేది. వేస్తుండగా చిట్లితే ఆ నష్టం ఆమెదే.

ఆమె పట్టని చెయ్యి లేదు. కమ్మ వారి చెయ్యి, కాపు వారి చెయ్యి, కోమట్ల చెయ్యి, బ్రాహ్మల చెయ్యి. వంటింటి గడప దాటనివ్వని ఇళ్ళలో కూడా, అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఎత్తి పోసే ఇళ్ళలో కూడా, చెయ్యి మాత్రం తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాళ్ళు. పెళ్ళి గాజులు, సీమంతం గాజులు, సంక్రాంతి గాజులు. పేటలకీ వెళ్ళేది. అయితే పేటకి ఆఖర్న వెళ్ళేది. ముందు అక్కడికెళ్తే తరువాత ఊళ్ళో అరుగులెక్కనివ్వరని. మా వాళ్ళల్లో కులం లేదని వేదికల మీద చెప్పేవాళ్ళు ఈ దారి లెక్క ఒకసారి చూడాలి. మతం మారినా మలారం నడిచే వరస మారలేదు.

ఒకసారి ఒక ఇంట్లో, మొగుడు పోయి ఏడాదైన చిన్నపిల్ల దొడ్డి గుమ్మంలోకి పిలిచి చెయ్యి చాపింది. నానీ రెండు మట్టిగాజులు వేసింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. మూడు నెలలపాటు ఆ వీధిలో ఎవరూ మలారం దింపమనలేదు. ‘ఆ పిల్ల ఏమైంది నానీ?’ అని నేనడిగితే, ‘మర్నాడే పగలగొట్టించార్లే’ అంది. మళ్ళీ ఇంకో మాట అనలేదు.

కోటలో ఆమె పేరెవరికీ తెలియదు. బూబమ్మ. ఈడువాళ్ళకి బూబమ్మ వదిన, చిన్నవాళ్ళకి బూబమ్మత్త, పొలం పనివాళ్ళకి గాజులమ్మ. ఆమె కూడా అంతే. ఫలానా వాళ్ళబ్బాయి నాకు అల్లుడి వరస, ఫలానా ఆమె నాకు మేనకోడలి వరస అని చుట్టరికాలు కలుపుకుని, ఆ వరసల ప్రకారమే వేళాకోళమాడేది. ఇంట్లో మాట్లాడేది మా తురకమాట. ‘పొయ్యి పే ఎసరు రఖ్ కే ఆ’ అంటే సగం తెలుగు, సగం దక్కనీ, మొత్తం మాదే. నేను తరువాత హైదరాబాద్‌లో ఉద్యోగం కోసం ఉర్దూ చదవడం, రాయడం పట్టుదలగా నేర్చుకున్నాను. అక్కడి ఉర్దూ పెద్దమనుషులు మా కోస్తా వాళ్ళ మాట వింటే ముసిముసిగా నవ్వుతారు. ఇటు తెలుగు పెద్దమనుషులు ‘మీ తెలుగు చాలా బావుందే’ అని మెచ్చుకుంటారు. పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్న భాషకి కితాబు అందుకోవడమంటే ఏమిటో ముస్లిములకే తెలుసు. నానీకి ఈ రెండు బాధలూ లేవు. ఆమె మాట విని నవ్వినవాళ్ళకి గాజులు అమ్మేది.

కోటకి దగ్గర్లోనే గుంటుపల్లి గుహలు. క్రీస్తుకు పూర్వం కొండ తొలిచి బౌద్ధ భిక్షువులు కట్టుకున్న విహారాలు. గుండ్రటి చైత్యం లోపల ఒక స్తూపం ఉంది. పైకప్పుకి కర్ర వాసాల్లా రాతిలోనే చెక్కారు. ఆ స్తూపాన్నే చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరస్వామి అని కొలుస్తారు. పండగ రోజుల్లో జనమెక్కువ. నానీ మెట్ల కింద గుడ్డ పరిచి మలారం దింపేది. సెలవుల్లో నేనూ పక్కన కూర్చునేదాన్ని. కాలేజీలో చరిత్ర చదివొచ్చాక, ‘నానీ, అది లింగం కాదు, బుద్ధుడి స్తూపం’ అని గొప్పగా చెప్పాను. ‘కానీలే. బుద్ధుడికి గాజులేసుకునే ఆడవాళ్ళు వస్తారా?’ అంది. రారన్నాను. ‘మరైతే లింగమే ఉండనీ’ అంది. అక్కడే పొద్దు వాలితే ఓ పక్కన దుపటీ పరుచుకుని అసర్ నమాజు చేసుకునేది. రోజుకి అయిదు పూటలూ కుదిరేవి కావు గానీ ఫజర్ ఎప్పుడూ తప్పలేదు. రంజానంతా ఉపవాసముండి మధ్యాహ్నందాకా తిరిగేది. ఇఫ్తార్ అయ్యాక పెరట్లో కూర్చుని ఒక చుట్ట కాల్చేది. ఆ చుట్ట గురించి మా మామూలు ఇప్పటికీ బయట చెప్పరు.

1985లో షాబానో కేసు తీర్పు వచ్చింది. ఇండోర్‌కి చెందిన ఆ ముసలావిడకి మొగుడు నెలకు 179 రూపాయల 20 పైసలు మనోవర్తి ఇవ్వాలని హైకోర్టు అంతకుముందే అంటే, అది సరేనంది సుప్రీంకోర్టు. దేశమంతా గగ్గోలు. 1986లో పార్లమెంటు వేరే చట్టమే చేసింది. మా అబ్బా పేపరు చదివి వినిపిస్తే నానీ పట్టించుకున్నది ఆ అంకె ఒక్కటే. ‘ఆ ఇరవై పైసలెందుకు పెట్టార్రా?’ అందట. తరువాత, ‘పాపం, ఆమెకెవరూ మలారం ఎత్తడం నేర్పలేదు’ అందట. అమ్మీ ఈ కథ చెప్పినప్పుడు రెండో మాట దగ్గర గొంతు మారేది. ఎందుకో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

1992 డిసెంబరు 6 తరువాత హైదరాబాద్‌లో జరిగినట్టు మా వైపు ఏమీ జరగలేదు. మా వైపు ఏమీ జరగలేదని చెప్పుకోవడం కూడా ఒక అలవాటు. ఒక ఇంట్లో కోడలికి సీమంతం. ఆ ఇంటికి గాజులు నానీయే వేసింది. అత్తకి, ఆడబిడ్డలకి, ఇప్పుడీ కోడలికి. ఆ ఇంటి కుర్రాడు, నానీని బూబమ్మత్తా అని పిలుస్తూ పెరిగినవాడే, ‘సాయిబులామె చేత శుభకార్యమేంటి’ అన్నాడు. పెద్దామె వాడికి ఎదురు చెప్పలేదు. మాట పడిన రోజు పొద్దుగుంకాక, కోడల్ని వెంటబెట్టుకుని పెరటి దారిన మా నానీ ఇంటికే వచ్చింది. నాకప్పటికి పన్నెండేళ్ళు. లాంతరు నేనే పట్టుకున్నాను. నానీ ఎప్పట్లా నవ్వించలేదు. రెండు చేతులకీ నిండా గాజులు వేసింది. ఒక్కటీ చిట్లలేదు. పెద్దామె ఎప్పట్లా బియ్యం, బెల్లం, రవికెగుడ్డ ముందు పెట్టింది. నానీ వాటిని పక్కకి జరిపి, డజన్లు లెక్కకట్టి, ఇంతయిందని చెప్పి, డబ్బు తీసుకుంది. ఆ ఇంట్లో శుభానికి వేసిన గాజులకి అంతకుముందెన్నడూ ఆమె ధర చెప్పలేదు. పెద్దామె ఏడ్చుకుంటూ వెళ్ళింది. తరువాత కూడా ఇద్దరూ మాట్లాడుకున్నారు, పలకరించుకున్నారు. వదినా అనే పిలుచుకున్నారు. కానీ ఆ ఇంటికి ధర చెప్పడం మాత్రం నానీ మానలేదు.

లౌకిక మిత్రులు ఈ సంగతిని ‘చూశారా, పెద్దామె వచ్చింది కదా’ అని చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పెరటి దారే కళ్ళ ముందుంటుంది.

ఇక అమ్మీ.

నానీ మలారం ఎత్తిన రోజునే అమ్మీ బడి మానేసింది. అయిదో తరగతి. మానేసిందనడం తప్పు, మాన్పించారు. మాన్పించింది నానీ. తెల్లారుజామున నానీ వెళ్ళిపోతే, పదకొండేళ్ళ పిల్ల పొయ్యి వెలిగించేది. చంటివాడికి జావ కాచేది, రెండోవాడికి ముక్కు తుడిచి బడికి పంపేది, బావిలో చేద వేసేది. పెళ్ళయ్యేదాకా, అంటే 1978 దాకా ఇదే పని. నానీ ఊళ్ళన్నీ తిరిగింది, తిరునాళ్ళన్నీ చూసింది, సినిమాలన్నీ చూసింది. అమ్మీ కామవరపుకోటలో పుట్టి పెరిగి గుంటుపల్లి కొండ చూడలేదు. మలారం ఒకసారి సరదాకి భుజాన వేసుకుంటే నానీ చెయ్యి చేసుకుందట.

నేను నానీ కథలు చెప్పి మురిసిపోతుంటే అమ్మీ ఒకసారి చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అంది: ‘మీ నానీ ఆజాద్ మనిషే, కాదన్లేదు. ఆ ఆజాదీకి ఇంటి దగ్గర కాపలా ఎవరున్నారో కూడా రాయి.’

ఇది నానీని అడిగాను. అప్పటికామెకు డెబ్బై దాటాయి. ఫ్యాన్సీ షాపులొచ్చి, ప్లాస్టిక్ గాజులొచ్చి, మలారం దూలానికి వేలాడుతోంది. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. ‘ఒక్కత్తినే తిరిగితే గాజులమ్మ అంటారు. వయసొచ్చిన పిల్లని వెంటబెట్టుకు తిరిగితే ఇంకో పేరు పెడతారు’ అంది. కాసేపాగి, ‘ఒక్కదానికే దారిచ్చారు, ఒక్కదాన్నే పోయాను’ అంది. గాజులు తీసేయమన్న పెద్దల్ని ఏ సూరాలో ఉందని నిలదీసిన మనిషి, కూతురి దగ్గరికొచ్చేసరికి అదే పెద్దల మాట పట్టుకుంది. అది ఆమెకి తెలుసు. బాధపడిందా అంటే చెప్పలేను. అమ్మీతో మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

నా వంతు వచ్చేసరికి పూర్తిగా తిరగబడింది. మా అబ్బా తంగెళ్ళమూడిలో తివాచీ మగ్గం మీద పనిచేసేవాడు. ముళ్ళు లెక్కపెట్టి కూలి. ఆయన సంపాదనతో ఆడపిల్లని కాలేజీలో చేర్చే ఊసే లేదు. 1998లో నేను ఇంటర్ పాసయితే నానీ బస్సెక్కి వచ్చి, రొంటిన దోపుకున్న మూట విప్పి ఏలూరు సెయింట్ థెరిసా కాలేజీ ఫీజు కట్టింది. ‘చదివి ఏం చేస్తుంది?’ అని అబ్బా తరఫు వాళ్ళంటే, ‘తిరుగుద్ది’ అంది. అదే ఏడు ‘జల్‌జలా’ కవితా సంకలనం వచ్చింది. నేను ముస్లిముని అని తెలుగులోనే గొంతెత్తి చెప్పొచ్చని ఆ పుస్తకం నాకు నేర్పింది. ఆ రోజు అమ్మీ మొహం నాకు గుర్తుంది. నా కోసం సంతోషపడింది. అదే సమయంలో, తనకెప్పుడూ దక్కని అమ్మ తన కూతురికి నానీగా దొరకడం చూస్తూ నిలబడింది. ఆ రెండూ ఒకే మొహంలో ఉన్నాయి.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దాని వెనకే పౌర పట్టిక వస్తుందనీ, పుట్టిన కాగితాలు చూపించాలనీ భయం. అమ్మీ, నేనూ కోటకెళ్ళి నానీ ట్రంకుపెట్టె తీశాం. రేషను కార్డులో బీబి, ఓటరు కార్డులో బూబి, బ్యాంకు పుస్తకంలో బూబమ్మ. మూడింట్లో మూడు వయసులు. పుట్టినట్టు రుజువు ఏ ఒక్కదాన్లోనూ లేదు. పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో. కాపురానికొచ్చిన ఏడు ఆంధ్ర రాష్ట్రం, మూడేళ్ళకి ఆంధ్రప్రదేశ్, 2014లో అది రెండు ముక్కలు. ఆమె కొల్లేరు నుంచి మెట్టకి వచ్చిందే తప్ప ఎటూ పోలేదు. రాష్ట్రాలే ఆమె మీదుగా వచ్చిపోయాయి. ఆమె పుట్టిన కొల్లేటికే హద్దు తేలలేదు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు, 2006లో చేపల చెరువులు పేల్చారు, మూడో కాంటూరుకి కుదించమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. నీళ్ళకే కాగితం తేల్చలేనివాళ్ళు ఆ గట్టున పుట్టిన ఆడదాని కాగితం అడుగుతారేమోనని మేం పెట్టె ముందు కూర్చుని వణికాం.

నానీ మంచం మీంచి టీవీ చూస్తోంది. ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో చలిలో రోడ్డు మీద బైఠాయించిన దాదీల్ని చూపిస్తున్నారు. తన ఈడువాళ్ళు. చాలాసేపు కన్నార్పకుండా చూసింది. ‘శభాష్’ అంది. తరువాత, ‘వాళ్ళిళ్ళల్లో వంటెవరు చేస్తున్నారో’ అంది.

పెట్టె సర్దుతున్న అమ్మీ చేతులు ఆగిపోయాయి. తల్లి వైపు చూసింది. నానీ టీవీ మీంచి చూపు తిప్పలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఆ సంగతి గురించి నేను విన్న మాట అదొక్కటే.

2020 జనవరి ఆఖర్న పోయింది. కరోనాకి ముందు కాబట్టి జనం రాగలిగారు. కోట నుంచే కాదు, పల్లెల నుంచి కూడా ముసలమ్మలు ఆటోల్లో వచ్చారు. ఒకామె గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక, తన చేతి గాజులు చూపించి ఏడ్చింది. గుస్ల్‌కి ముందు గాజులు తీయాలి. నానీ చేతులకు అరడజనేసి పచ్చగాజులు, చెయ్యి బిగుసుకుపోయింది. పగలగొట్టేద్దామన్నారు గుస్ల్ చేసే ఆడవాళ్ళు. అమ్మీ వద్దంది. సబ్బు నురగ పట్టించి, బొటనవేలి మొదట్లో ఎముకని నెమ్మదిగా లోపలికి మడిచి, నాలుగు వేళ్ళూ దగ్గరికి నొక్కి, ఒక్కొక్కటీ తీసింది. అరగంట పట్టింది. పన్నెండూ దక్కాయి, ఒక్కటీ చిట్లలేదు. మలారం ముట్టుకోనివ్వని కూతురు ఆ పనితనం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. రెండూ నాలుగు సైజు అవి. అమ్మీది రెండూ ఎనిమిది చెయ్యి. ఎక్కవు. ట్రంకుపెట్టెలో కార్డుల పక్కన పెట్టింది.

చాలీస్వాకి చుట్టాలు చేరారు. జమాత్‌లో తిరిగే మా వాళ్ళబ్బాయి ఒకడు ఫాతిహా చదివించడం బిద్అత్ అన్నాడు. దర్గాలకు పోవడం, తిరునాళ్ళకు పోవడం లాంటివి అల్లా క్షమించాలని దువా చేద్దామన్నాడు. హైదరాబాద్ నుంచొచ్చిన నా స్నేహితుడు, మంచివాడే, నన్ను పక్కకి పిలిచి ‘ఆమె అసలు మతానికి అతీతమైన మనిషి కదా, ఇవన్నీ ఎందుకు?’ అన్నాడు. ఇద్దరూ ఆమె చేసిన పులావు తిన్నవాళ్ళే. ఒకడికి ఆమె ఫజర్ నమాజు చాలలేదు, ఇంకొకడికి ఆ ఫజర్ నమాజే అడ్డం. అమ్మీ ఎవరి మాటా వినకుండా ఫాతిహా చదివించి, పళ్ళెంలో తియ్యటి అన్నం పక్కన ఒక చుట్ట కూడా పెట్టింది. మామూలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

అబ్బా పోయి కొంతకాలమైంది. అమ్మీకిప్పుడు అరవై అయిదు. పశ్చిమ గోదావరి విడిపోయి, 2022 నుంచి కోట ఏలూరు జిల్లాలో ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి మా రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు కొట్టిస్తారు. ఆ మధ్య పనివేళ అమ్మీకి ఫోను చేశాను. ఇంజను మోత, ఎవరో కండక్టరు గొంతు.

‘ఎక్కడున్నావ్ అమ్మీ?’

‘తడికలపూడి దాటాం.’

‘కోటకా? మామూకేమైనా ఒంట్లో బాలేదా?’

‘వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు. కోటలో దిగట్లేదు.’

‘మరెక్కడికి?’

‘గుంటుపల్లి కొండ చూద్దామని. పోయిన వారం చిన్నతిరుపతి దాకా వెళ్ళొచ్చాలే.’

‘ఒక్కదానివే?’

‘పక్కసీటు ఖాళీయే. సరే పెట్టేయ్, కార్డు చూపించమంటున్నాడు’ అంది అమ్మీ.